ఎంత నీళ్ళలో ఎంత? ద్రావణాల గాఢత గురించి కొన్ని మాటలు

షర్బత్ పలచగా ఉంది, చారులో ఉప్పు ఎక్కువైంది, పాకం ఇంకా ముదరలేదు. ఇళ్ళలో రోజూ అనుకునే ఈ మాటలన్నీ ఒకే విషయం గురించి. నీళ్ళలో ఏం వేశామన్నది కాదు, ఎంత నీళ్ళలో ఎంత వేశామన్నది. సైన్స్ పాఠంలో దీనినే గాఢత అంటాం. పదో తరగతి విద్యార్థిని అడిగితే నిర్వచనం తడుముకోకుండా చెబుతాడు. అదే విద్యార్థి చేతికి ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ ఇచ్చి కలపమంటే గ్లాసు నీళ్ళలో కలిపేస్తాడు. పాఠం నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదన్న మాట.

వంటలో కొలత తప్పితే రుచి పోతుంది. ప్రయోగశాలలో తప్పితే ఫలితం పోతుంది. జబ్బు చేసిన పసిబిడ్డ విషయంలో తప్పితే ప్రాణానికే ముప్పు. అందుకే గాఢత జీవకణాలను ఏం చేస్తుందో, రసాయన చర్యలను ఏం చేస్తుందో, బడిలో చేయించే చిన్న ప్రయోగాల ద్వారానే ఇక్కడ వివరించదలచాం.

గాఢత అంటే

ఉప్పునీటిలో ఉప్పు ద్రావితం, నీరు ద్రావణి, రెండూ కలిసినది ద్రావణం. నిర్ణీత పరిమాణం గల ద్రావణంలో ద్రావితం ఎంత ఉందో చెప్పేదే గాఢత. దీనిని చెప్పడానికి పద్ధతులు చాలా ఉన్నాయి. ఆసుపత్రిలో సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుంది. అంటే 100 మిల్లీలీటర్లలో 0.9 గ్రాములు, లీటరులో 9 గ్రాముల ఉప్పు. రసాయనశాస్త్రంలో ఎక్కువగా మోలార్ లెక్క వాడతాం. లీటరు ద్రావణంలో ఒక మోల్ పదార్థం ఉంటే అది ఒక మోలార్. ఉప్పుకు మోల్ అంటే 58.5 గ్రాములు, గ్లూకోజుకు 180 గ్రాములు, పంచదారకు 342 గ్రాములు. మోల్ అన్నది రేణువులను లెక్కించే ఒక కట్ట అనుకోండి. పదార్థం ఏదైనా ఒక మోల్‌లో అణువుల సంఖ్య ఒకటే.

ఒక మోలార్ పంచదార ద్రావణం చేయమంటే చాలామంది విద్యార్థులు లీటరు నీళ్ళు తీసుకుని అందులో 342 గ్రాముల పంచదార పోస్తారు. అప్పుడు మొత్తం లీటరు దాటిపోతుంది, గాఢత తగ్గిపోతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, ముందు తక్కువ నీటిలో పంచదారను పూర్తిగా కరిగించి, ఆ తరువాత లీటరు గీత వరకు నీరు చేర్చాలి. మనకు కావలసింది లీటరు నీరు కాదు, లీటరు ద్రావణం.

బంగాళాదుంప ముక్క చెప్పే పాఠం

జీవకణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. నీటిని సులభంగా పోనిస్తుంది. ఉప్పు, చక్కెర వంటివాటిని అంత సులభంగా పోనివ్వదు. అందుకే దీనిని విచక్షణ త్వచం అన్నారు. ఈ పొరకు రెండు వైపులా గాఢత వేరువేరుగా ఉంటే, గాఢత తక్కువ ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉన్న వైపుకు నీరు నడుస్తుంది. ఇదే ద్రవాభిసరణం. షీర్ ఖుర్మా కోసం నానబెట్టిన కిస్మిస్ ఉబ్బడం, ఉప్పు చల్లిన మామిడికాయ ముక్కల్లోంచి నీరు ఊరడం, రెండూ ఇదే. ఒకచోట నీరు లోపలికి, మరొకచోట బయటికి.

దీనిని కొలిచి చూపడానికి బంగాళాదుంపను మించినది లేదు. ఒకే దుంప నుంచి ఒకే కొలత గల ముక్కలు కోసి, తుడిచి, తూచి రాసుకుంటాం. ఒక బీకరులో మంచినీరు, మిగిలినవాటిలో 0.2, 0.4, 0.6, 0.8 మోలార్ల పంచదార ద్రావణాలు పోసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క ముక్క వేస్తాం. గంట తరువాత తీసి, మళ్ళీ తుడిచి తూస్తాం. మంచినీటిలో ఉన్న ముక్క బరువు పెరిగి, గట్టిగా నిగనిగలాడుతుంది. చిక్కటి ద్రావణంలోది బరువు తగ్గి, రబ్బరులా వంగుతుంది.

ఇక్కడ బరువులో తేడాను శాతంగా రాయించడం ముఖ్యం. 4 గ్రాముల ముక్క 4.4 గ్రాములు అయితే పెరుగుదల 10 శాతం. ముక్కలన్నీ సరిగ్గా ఒకే బరువు ఉండవు కాబట్టి, శాతంలో చెబితేనే ఒకదానితో ఒకటి పోల్చగలం. ఆ శాతాలను గ్రాఫు మీద గుర్తిస్తే, పైనుంచి కిందికి దిగే గీత ఒకచోట సున్నాను దాటుతుంది. ఆ గాఢత దగ్గర ముక్క పెరగదు, తరగదు. అంటే ద్రావణమూ, దుంప కణాల లోపలి రసమూ సమానంగా తూగాయన్న మాట. సాధారణంగా ఇది 0.2, 0.4 మోలార్ల మధ్య వస్తుంది. కంటికి కనబడని కణం లోపలి గాఢతను ఒక త్రాసు, ఒక చాకుతో కనుక్కున్నామంటే పిల్లలకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

మొక్క కణానికి త్వచం బయట గట్టి గోడ ఉంది. నీరు ఎంత చేరినా ఆ గోడ ఆపుతుంది, కణం పగలదు. మన ఎర్ర రక్తకణానికి ఆ గోడ లేదు. 0.9 శాతం ఉప్పునీటిలో అది మామూలు ఆకారంలో ఉంటుంది. ఇంకా చిక్కటి ఉప్పునీటిలో ముడుచుకుపోతుంది. పలుచన చేస్తూ పోతే ఉబ్బుతుంది. సుమారు 0.45 శాతం దగ్గర కొన్ని కణాలు పగలడం మొదలై, 0.3 శాతానికి వచ్చేసరికి దాదాపు అన్నీ పగిలిపోతాయి. నరంలోకి ఉత్త నీటిని ఎందుకు ఎక్కించరో ఇప్పుడు అర్థమవుతుంది. నీరు ఎంత శుద్ధమైనదైనా అది రక్తకణాలను పగలగొడుతుంది. డచ్ శాస్త్రవేత్త హాంబర్గర్ 1880లలో రక్తకణాల మీద చేసిన ప్రయోగాలు ఈ అవగాహనకు పునాది వేశాయి.

బడిలో రక్తంతో ఈ ప్రయోగం చేయించకూడదు. కోడిగుడ్డు చాలు. వెనిగర్‌లో ఒకటి రెండు రోజులు ఉంచితే పెంకు కరిగిపోయి పలుచని పొర మిగులుతుంది. దానిని మంచినీటిలో వేస్తే ఉబ్బుతుంది, చిక్కటి ఉప్పునీటిలో వేస్తే కుంచించుకుపోతుంది. దారంతో చుట్టుకొలత తీసి రాసుకుంటే అదే మంచి రికార్డు.

బరువు కాదు, రేణువుల లెక్క

పిల్లలు అడిగే మంచి ప్రశ్న ఒకటుంది. ఉప్పు సెలైన్‌లో లీటరుకు 9 గ్రాములే ఉప్పు, గ్లూకోజు సీసాలో 5 శాతం, అంటే లీటరుకు 50 గ్రాములు. ఇంత తేడా ఉన్నా రెండూ రక్తానికి ఎలా సరిపోతాయి?

ద్రవాభిసరణంలో బరువుకు విలువ లేదు, రేణువుల సంఖ్యకే విలువ. 9ని 58.5తో భాగిస్తే 0.154 మోల్. పైగా ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది కాబట్టి 0.308. 50ని 180తో భాగిస్తే 0.278 మోల్. గ్లూకోజు విడిపోదు, అంతే ఉంటుంది. రెండు సంఖ్యలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, రక్తంలోని లెక్కా ఆ చుట్టుపక్కలే. బరువైన అణువులు కొన్నీ, తేలికైనవి కొన్నీ, సంఖ్యలో సమానమైతే కణానికి సమానమే.

ద్రవాభిసరణానికి ఈ గణితాన్ని ఇచ్చినవాడు డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్. 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఆ బహుమతి రెండు పనులకు కలిపి ఇచ్చారు: ద్రావణాల ద్రవాభిసరణ పీడనం ఒకటి, రసాయన చర్యల వేగానికి సంబంధించిన నియమాలు రెండవది. గాఢత కణాన్ని ఏం చేస్తుంది, చర్యను ఏం చేస్తుంది అని మనం వేరువేరుగా చదివే రెండు పాఠాలూ ఒకే మనిషి చేతిలో ఎదిగాయి.

మాయమయ్యే గుర్తు

రసాయన చర్య జరగాలంటే రేణువులు ఒకదానికొకటి తగలాలి. ఖాళీ వీధిలో నడిస్తే ఎవరికీ తగలం, సంతరోజు బజారులో అడుగడుగునా భుజాలు రాసుకుంటాయి. గాఢత పెంచడమంటే బజారులో జనాన్ని పెంచడమే. తాకిడులు పెరుగుతాయి, చర్యావేగం పెరుగుతుంది. ప్రతి తాకిడీ చర్య కాదు. తగినంత శక్తితో, తగిన తీరులో తగిలినవే ఫలిస్తాయి. తాకిడులు ఎక్కువైతే ఫలించేవీ ఎక్కువవుతాయి.

దీనికి సోడియం థయోసల్ఫేట్ ప్రయోగం ప్రసిద్ధం. తెల్ల కాగితం మీద నల్లగా ఇంటూ గుర్తు వేసి, దానిపై శాంకవ కుప్పె ఉంచి, 50 మిల్లీలీటర్ల థయోసల్ఫేట్ ద్రావణం పోస్తాం. 5 మిల్లీలీటర్ల సజల హైడ్రోక్లోరికామ్లం చేర్చగానే గడియారం చూడాలి. సన్నటి గంధకం పుట్టి ద్రావణం మబ్బుపట్టినట్లయి, పైనుంచి చూస్తే గుర్తు కనబడకుండా పోతుంది. ఆ సమయం రాసుకోవాలి. తరువాత 40 మి.లీ. థయోసల్ఫేట్‌కు 10 మి.లీ. నీరు, 30కి 20, ఇలా కలుపుతూ మళ్ళీ మళ్ళీ చేయాలి. మొదటిసారి 30 సెకన్లు పట్టిందనుకుంటే, సగం గాఢత ఉన్న ద్రావణానికి దాదాపు 60 సెకన్లు పడుతుంది. ఒకటిని సమయంతో భాగించి, గాఢతకు ఎదురుగా గ్రాఫు గీస్తే ఇంచుమించు సరళరేఖ వస్తుంది.

ప్రతిసారీ మొత్తం 50 మిల్లీలీటర్లే ఎందుకు ఉండాలని పిల్లలను అడగాలి. ద్రవం లోతు మారితే గుర్తు మాయమయ్యే సమయమూ మారుతుంది. అప్పుడు మనం కొలిచింది గాఢత ప్రభావమో, లోతు ప్రభావమో తెలియదు. ఉష్ణోగ్రత కూడా మారకూడదు, ఎందుకంటే వేడి పెరిగితే వేగం బాగా పెరుగుతుంది. ఒకటి మార్చి మిగిలినవన్నీ అలాగే ఉంచడమే ప్రయోగానికి ప్రాణం. ఈ చర్యలో ఘాటైన సల్ఫర్ డైఆక్సైడ్ వాయువు వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి, ప్రయోగం కాగానే కుప్పెలు కడిగేయాలి.

1850లో విల్‌హెల్మీ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆమ్లం కలిపిన పంచదార ద్రావణంలో చర్య ఎంత వేగంగా సాగుతుందో కొలిచి, ఆ వేగం మిగిలి ఉన్న పంచదార గాఢతను బట్టి ఉంటుందని చూపాడు. 1864లో నార్వేకు చెందిన గుల్‌బర్గ్, వాగే అనే ఇద్దరు ఇలాంటి పరిశీలనలను ద్రవ్యరాశి క్రియా నియమంగా చెప్పారు.

ఎక్కువైతే మంచిదేనా

గాఢత పెంచితే వేగం పెరుగుతుందని చదివి, ఎంత చిక్కగా ఉంటే అంత మేలనుకునే వారున్నారు. అది నిజం కాదు. మూడు ఉదాహరణలు చాలు.

మొదటిది ఎంజైములు. మన లాలాజలంలోని అమైలేజ్ గంజిపిండిని చక్కెరగా మారుస్తుంది. పిండి గాఢత పెంచితే మొదట్లో వేగం పెరుగుతుంది. కొంతదూరం వెళ్ళాక ఎంజైము అణువులన్నీ పనిలో మునిగిపోతాయి. ఆపై ఎంత పిండి వేసినా వేగం పెరగదు. టికెట్ కౌంటర్లు నాలుగే ఉంటే వరుసలో నలభై మంది ఉన్నా, నాలుగు వందల మంది ఉన్నా టికెట్లు ఇచ్చే వేగం ఒకటే కదా. మైఖేలిస్, మెంటెన్ 1913లో దీనికి సమీకరణం ఇచ్చారు.

రెండవది సల్ఫ్యూరికామ్లం. సజల ఆమ్లం ఇనుమును తినేసి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. బాగా గాఢమైన ఆమ్లాన్ని మాత్రం ఉక్కు ట్యాంకుల్లోనే నిల్వ చేస్తారు, రవాణా చేస్తారు. లోహం మీద రక్షణ పొర ఏర్పడి చర్యను అడ్డుకుంటుంది. అదే గాఢ ఆమ్లం పంచదార మీద పడితే దానిలోని నీటి అంశాన్ని లాగేసి నల్లని బొగ్గుగా మారుస్తుంది. అంటే గాఢత మారితే వేగమే కాదు, కొన్నిసార్లు చర్య స్వభావమే మారిపోతుంది.

మూడవది శానిటైజర్. కరోనా రోజుల్లో అందరి చేతుల్లోనూ ఉన్నదే. దాదాపు స్వచ్ఛమైన ఆల్కహాలు కన్నా, సుమారు 70 శాతం ఉన్నదే సూక్ష్మజీవుల మీద బాగా పనిచేస్తుంది. వాటి ప్రోటీన్లు చెడిపోవాలంటే కొంత నీరు కూడా ఉండాలి. అక్కడ నీరు కల్తీ కాదు, మందులో భాగం.

రంగు చూసి గాఢత చెప్పడం

గాఢత తెలియని ద్రావణం ఎదురైతే ఎలా? టీ రంగు చూసి డికాక్షన్ ఎంత పడిందో చెబుతాం కదా, శాస్త్రవేత్తలూ అదే చేస్తారు. ఈ విషయంలో మన తెలుగువాడి పేరు ప్రపంచమంతా తెలుసు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫాస్ఫేటుకు మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే నీలం అంత ముదురు. గాఢత తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి తెలియనిదాని గాఢత చెప్పవచ్చు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యగ్రంథాల్లో నిలిచిపోయింది. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే శక్తినిచ్చే పదార్థాన్ని ఆయన కనుగొనడానికి దారి తీసినదీ ఈ కొలతే.

లీటరు నీళ్ళు, ఒక ప్యాకెట్

ఇక అసలు విషయానికి వద్దాం. విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఉత్త నీరు తాగిస్తే చాలదు, ఎందుకంటే నీటితో పాటు లవణాలు కూడా పోయాయి. చిన్నపేగు గోడలో ఒక ద్వారం లాంటిది ఉంది. సోడియం, గ్లూకోజు జంటగా వస్తే అది రెండింటినీ లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట ద్రవాభిసరణంతో నీరు వెళుతుంది. ఓ.ఆర్.ఎస్. పనిచేసేది ఈ సూత్రం మీదే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించి, కలిపి తాగించారు. తాగించినవారిలో చాలామంది రోగుల బంధువులే. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. 2022లో కన్నుమూసిన ఆయనకు 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఈ కొలతను మార్చి పలుచన చేశాయి. ఇప్పుడు లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. రేణువుల లెక్కలో పాతది 311, కొత్తది 245 మిల్లీఆస్మోల్స్. రక్తం సుమారు 290. రక్తం కన్నా కొంచెం పలుచగా ఉంటేనే నీరు పేగులోంచి శరీరంలోకి చక్కగా వెళుతుంది.

లీటరు ప్యాకెట్‌ను 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే ఏమవుతుందో లెక్క వేయండి. గాఢత ఐదు రెట్లు, అంటే 1225. రక్తం కన్నా నాలుగు రెట్లు ఎక్కువ. అప్పుడు నీరు శరీరంలోకి పోదు సరికదా, శరీరంలోంచే పేగులోకి వస్తుంది. చిక్కటి ద్రావణంలో వాడిపోయిన బంగాళాదుంప ముక్కకు పట్టిన గతే ఇది. విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. మరీ నీళ్ళెక్కువ పోసినా పోయిన లవణాలు తిరిగి రావు.

తీపి పానీయాలదీ ఇదే సమస్య. ఓ.ఆర్.ఎస్. అన్న పేరు తగిలించుకుని అమ్ముడయ్యే తియ్యటి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. పేరు ఏదైనా డబ్బా వెనుక 100 మి.లీ.కు చక్కెర ఎన్ని గ్రాములో చూసి పదితో గుణించండి. ఆ సంఖ్యను 13.5తో పోల్చండి. అది మందో, పానీయమో మీకే తెలిసిపోతుంది.

గుర్తుంచుకోవలసినవి

ప్యాకెట్ మీద ఎంత నీరు రాసి ఉందో చదివి అంతే నీటిలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి. లీటరువి, 200 మి.లీ.వి రెండు రకాలూ దొరుకుతాయి. సగం ఇప్పుడు, సగం రేపు అని అంచనాగా వేయకూడదు.

నీటిని ముందే కాచి చల్లార్చాలి. కలిపిన తరువాత మరిగించకూడదు. నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. పంచదార, పాలు, పండ్లరసం చేర్చకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి.

ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, గోపురంగా కాక సమంగా కొలవాలి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మూత్రం రాకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ప్రయోగశాలలో ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీటిలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలో నీరు పోయకూడదు. ప్రతి సీసా మీద పదార్థం పేరుతో పాటు గాఢత, తేదీ రాయాలి. పేరొక్కటే ఉన్న సీసా సగం చిరునామా ఉన్న ఉత్తరం లాంటిది.

తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత ఒక్కసారైనా కొలజాడీతో లీటరు నీరు కొలిపించండి. మీ ఇంట్లోని సీసాల్లో, చెంబుల్లో ఏది లీటరు పడుతుందో వాళ్ళనే కనుక్కొమ్మనండి, దాని మీద గీత పెట్టించండి. మార్కుల కోసం నేర్చిన నిర్వచనం పరీక్షతో పోతుంది. చేతికి అలవాటైన కొలత ఏదో ఒక రాత్రి ఒక ఇంట్లో బిడ్డకు అక్కరకు వస్తుంది.